గుడ్డ కింద ఐదక్షరాలు

నా కుట్టుమిషను బరువెంతో నాకు తెలుసు. ఇల్లు మారినప్పుడల్లా ఇద్దరు మగవాళ్ళు చెరోపక్క పట్టుకుంటేగాని లేచేది కాదు. అది నాకెట్లా వచ్చిందన్న సంగతిని మాత్రం ఇన్నేళ్ళూ నేనొక్కదాన్నే మోశాను. ఇంక మోయలేను. మీకు చెప్పేస్తాను.

నా పేరు చెప్పను. ఉండేది నంద్యాల. మా ఆయన పోయి చాలా ఏళ్ళయింది. చదువంటారా, దాని సంగతీ చెబుతాను, కథంతా అక్కడే ఉంది. నేను చెబుతుంటే పక్కింటి టీచరమ్మ రాస్తోంది. నా గొంతు బొంగురు. మాట తెలియనప్పుడు ఆమె పెన్ను ఆగుతుంది, నేను మళ్ళీ చెబుతాను. కొన్నిచోట్ల నా నోరే ఆగుతుంది. అప్పుడు ఆమె కాచుకుని ఉంటుంది.

ఇది ఏడుపు కథ అనుకోకండి. అంత సంతోషం నాకు ఆ రోజుల తర్వాత మళ్ళీ రాలేదు. నా కష్టం కూడా అదే. తప్పు చేసినది గుర్తొస్తే మనిషికి ఏడుపు రావాలి కదా? నాకు ముందు నవ్వొస్తుంది. నవ్వు అయిపోయాక సిగ్గేస్తుంది.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులవి. బస్సులు బొగ్గుతో నడిచేవి. కిరసనాయిలు కోసం సీసా పట్టుకుని వరుసలో నిలబడేవాళ్ళం. మా ఆయన నంద్యాలలో ఒక చిన్న అచ్చాఫీసులో కంపోజిటరు. సీసపు అక్షరాలను ఒక్కొక్కటే ఏరి, వరుసలో పేర్చి, దారంతో కట్టి అచ్చుకు సిద్ధం చేయడం ఆయన పని. అచ్చయ్యాక ఆ అక్షరాలను కడిగి, మళ్ళీ ఏ గడిలోది ఆ గడిలో వేయడం నా పని. క ఉన్న గడిలో క, ల ఉన్న గడిలో ల. తప్పు గడిలో వేస్తే మరుసటి రోజు ఎవరి పెళ్ళిపత్రికలోనో పెళ్ళికొడుకు పేరు మారిపోతుంది.

నేను బడి గడప తొక్కలేదు. అక్షరాలన్నీ ఆ సీసం మీదే నేర్చుకున్నాను. సీసం మీద అక్షరం ఎట్లా ఉంటుందో మీకు తెలుసా? అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుంది. కాగితం మీద సరిగ్గా పడాలంటే అది అట్లా ఉండాల్సిందే. నాకు మాత్రం అదే సరైన ముఖం. రాయడం కూడా అట్లాగే వచ్చింది, కుడి నుంచి ఎడమకు, అన్నీ తిరగేసి. మా ఆయన ఒక్కసారి కూడా దిద్దలేదు. పగలంతా సీసం చూసిన కళ్ళకు నా రాతే హాయిగా ఉంటుందనేవాడు.

గడుల్లో వేయడం విసుగు పని. ఆ విసుగు పోవడానికి ఆయనొక ఆట పెట్టాడు. కడిగిన వరుసలోంచి ఒక మాట తీసి బల్ల మీద పెట్టేవాడు. ఆ అక్షరాలనే అటూ ఇటూ జరిపి, అందులోని చిన్న మాటలు నేను బయటికి తీయాలి. తీయలేకపోతే ఆ పూట సంగటిలోకి శెనక్కాయల పచ్చడి, మా వైపు ఊరుబిండి అంటాం, నేను నూరాలి. తీస్తే ఆయన నూరాలి.

మొదట పెట్టిన మాట పెళ్ళిపత్రికలోది, కలకాలం. నాలుగే ముక్కలు. జరిపి చూస్తే కల ఉంది. కాలం ఉంది. కలం ఉంది. కాక కూడా ఉంది. చివరకు లంక దొరికినప్పుడు నేను పెట్టిన కేకకు పక్కనున్న టీకొట్టాయన వచ్చి తొంగిచూశాడు. ఆ పూట మా ఆయన నూరాడు. ఉప్పు ఎక్కువైంది. ఇద్దరం నీళ్ళు తాగుతూ తిన్నాం.

నా పుట్టిల్లు దొర్నిపాడు. ఆయన ఒకసారి ఆ మాట పెట్టి ఏడిపించాడు.

"మీ ఊర్లో యాముంది? పాడు తప్ప ఇంగేం లేదే."

"పాడతాం మేము, పాట. మీ నంద్యాల పెట్టు చూస్తా. దాంట్లో ఒక్క మాటన్నా ఉందా?"

ఆయన ముక్కలు చాలాసేపు జరిపాడు. ఏమీ రాలేదు. ఆ పూటా ఆయనే నూరాడు.

చూశారా, చెప్పాల్సింది వదిలి ఊరుబిండి దగ్గరే తిరుగుతున్నాను. అసలు మాటకు వస్తాను.

ఆళ్ళగడ్డలో ఒక శెట్టి కొత్తగా ఆడవాళ్ళ బట్టలంగడి తెరుస్తున్నాడు. నలుగురి నోళ్ళలో పడాలని ఒక పోటీ పెట్టాడు. ఒక మాట ఇస్తారు. దాని అక్షరాలతో ఎన్ని మాటలు వస్తాయో రాసి అంగడి ముందున్న పెట్టెలో వేయాలి. ఒక్కో మాటలో ఒక్కో అక్షరం ఒక్కసారే వాడాలి. పోటీ ఆడవాళ్ళకు మాత్రమే. ఎక్కువ మాటలు రాసినామెకు కుట్టుమిషను. ఇద్దరికి సమానంగా వస్తే చీటీ వేస్తారు.

మాట ఎంచడానికి అహోబిలం నుంచి తెలుగు బాగా తెలిసిన అయ్యవారిని పిలిపించుకున్నాడు. ఇద్దరూ కరపత్రం వేయించడానికి మా అచ్చాఫీసుకు వచ్చిన రోజు నేను మూలన అక్షరాలు కడుగుతున్నాను. అయ్యవారు ఇచ్చిన మాట కలవరము. శెట్టి ముఖం మాడిపోయింది.

"అయ్యవారూ, అంగడి తెరిచే పొద్దు కలవరమేంది? ఇంగ మంచి మాటే దొరకల్యా మీకు?"

దాంట్లోనే శుభం ఉంది, ఆ రోజు చూద్దువుగాని అని అయ్యవారు నవ్వి ఊరుకున్నాడు.

కరపత్రం బయటికి పోయిందో లేదో, నంద్యాల నుంచి ఆళ్ళగడ్డ దాకా అందరికీ అదే పిచ్చి. బస్సులో కండక్టరు టికెట్టు చింపుతూ ఇంకేమైనా దొరికిందా అని అడిగేవాడు. పత్తి చేలల్లో ఒక సాలులోని ఆడది మాట అరిస్తే పక్క సాలులోనిది అది రాదని అరిచేది. చదువు రాని ముసలమ్మలు వేళ్ళ మీద లెక్కపెట్టుకునేవాళ్ళు. మొగుళ్ళు చెప్పిన మాటలు పెళ్ళాలు రాసుకునేవాళ్ళు. అది తప్పని ఎవరూ అనలేదు. ఊరంతా ఒక ఇల్లయినట్టుండేది.

మా ఇంట్లో మాత్రం ఆట ఆగిపోయింది. ఆపింది ఆయనే. జవాబుల కాగితం తన దగ్గరకే అచ్చుకు వస్తుందని, ఈ మాట గురించి తనను ఏమీ అడగొద్దని చెప్పాడు. నేను అడగలేదు. ఐదు సీసపు ముక్కలు కొంగున కట్టుకుని తిరిగాను. పొయ్యి ముందు కూర్చుని జరిపేదాన్ని. కల, వల, వరము, కలము, రకము. కవల దొరికినప్పుడు రెండు రొట్టెలు మాడ్చాను. రవము అని వస్తే అది మాటో కాదో తెలియక పురాణం చెప్పే ముసలాయన ఇంటికి పోయి అడిగి వచ్చాను. చప్పుడని చెప్పాడు. అట్లా పద్నాలుగు పోగేశాను. ఆ పద్నాలుగూ నావే. ఈ ఒక్క సంగతి మీరు నమ్మాలి.

పెట్టె మూసేయడానికి ఇంకా రెండు రోజులున్నాయి. మధ్యాహ్నం. ఆయన జవాబుల పేజీ పేర్చి, దారం కట్టి, రాతిబల్ల మీద పెట్టి, పాత పంచె గుడ్డ కప్పాడు. అంగడి తెరిచే రోజున ఆ కాగితాన్ని అందరికీ పంచాలని శెట్టి కోరిక. కాగితం రేషను కావడంతో యజమాని దాన్ని తన ఇంట్లోనే దాచేవాడు, మా ఆయన పోయి తెచ్చుకోవాలి. పోతూ పోతూ గడపలో ఆగాడు.

"నిన్ను ఈడ పెట్టిపోతే నాకు దిగులు లేదు" అన్నాడు.

ఇంకొకరైతే గుడ్డ ఎత్తినా ఏమీ తెలిసేది కాదు. తిరగబడిన సీసం, సిరా మరకలు. బడిలో చదివినవాళ్ళు తల వంచి, మెడ తిప్పి, అయినా తడుముకుంటారు. నాకు అద్దం అక్కర్లేదు. అది నా బాస. నేను లెక్క మాత్రమే చూద్దామనుకున్నాను. ఎన్ని ఉన్నాయో చూస్తే చాలు, నాకింకా ఎన్ని తక్కువో తెలుస్తుంది, అంతే. నిజంగా అంతేనా? గుడ్డ కొసను రెండు వేళ్ళతో ఎత్తేటప్పుడే నాకు తెలుసు, లెక్క చూసి ఊరుకునే ముఖం కాదు నాది.

పేజీలో పదిహేను మాటలున్నాయి, పద్నాలుగు నా దగ్గరున్నవే. చివరి వరుసలో ఐదక్షరాల మాట ఒకటి ఉంది. కలరవము. నా కొంగులో ఉన్న ఐదూ అవే. ఒక్క ముక్క ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు. పది రోజులు వాటిని చెమట పట్టేదాకా నలిపాను. ఆ వరుసలో ఒక్కసారి కూడా పెట్టలేదు. దాని అర్థం కూడా నాకు తెలియదు. గుడ్డ కప్పేశాను.

ఆ పొద్దంతా నాతో నేనే వాదించుకున్నాను. అక్షరాలు నా దగ్గరున్నవే కదా, వరుస ఒక్కటే కదా నేను తీసుకున్నది? వరుసను ఎవరైనా దొంగిలిస్తారా? ఊరంతా ఒకరి మాట ఒకరు తీసుకుంటూంటే నాది మాత్రం దొంగతనమెట్లా అవుతుంది? ఇన్ని మాటలు చెప్పుకున్నానంటేనే లోపల ఏదో సరిగ్గా లేదని మీకు అర్థమవుతుంది. నాకూ అర్థమైంది. అయినా మర్నాడు బొగ్గు బస్సెక్కి ఆళ్ళగడ్డ పోయి, పదిహేను మాటలున్న కాగితం పెట్టెలో వేసి వచ్చాను.

అంగడి తెరిచిన రోజు జాతరే అనుకోండి. కాగితాలు చూసి చూసి చివరకు రెండు మిగిలాయి. ఒకటి రూతమ్మది. ఆళ్ళగడ్డ క్రైస్తవుల మిషనరీ బడి పంతులు కూతురు. నాకంటే రెండు మూడేళ్ళు చిన్నది. వీధిలోని ఆడవాళ్ళందరికీ రవికలు చేతి సూదితోనే కుట్టేది. ఆ మిషను తనకెంత అవసరమో అక్కడ తెలియనివాళ్ళు లేరు. అయ్యవారు ఆమె మాటలు చదివాడు. పద్నాలుగు. నా పద్నాలుగూ అవే.

తర్వాత నా కాగితం విప్పాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఇది ఏ లిపి అని అడిగాడు. జనం గొల్లుమన్నారు. అప్పుడు గుంపులోంచి మా ఆయన నవ్వుతూ ముందుకు పోయాడు. ఇది మా ఇంటామె రాత, సీసం చూసి నేర్చుకుంది, నేను చదువుతానన్నాడు. కాగితం పట్టుకుని గడగడా చదివాడు. ఒక్కో మాటకు జనం చప్పట్లు. పద్నాలుగు దాకా వచ్చాడు.

పదిహేనో దాని దగ్గర ఆగాడు.

ఎంతసేపు? ఒక్క ఊపిరి. అంతకంటే లేదు. అక్కడున్న అంతమందిలో ఆ ఆగడం నాకు ఒక్కదానికే వినిపించి ఉంటుంది. తర్వాత తలెత్తి, అన్నిటికంటే గట్టిగా చదివాడు. కలరవము.

శెట్టికి నమ్మకం కుదరక అంగడిలోని నిలువుటద్దం బయటికి తెప్పించాడు. అద్దంలో నా అక్షరాలు గుండ్రంగా, చక్కగా నిలబడ్డాయి. నేనూ అప్పుడే చూశాను వాటిని ఆ వైపు నుంచి. అయ్యవారు పొంగిపోయాడు. కలరవము అంటే పిట్టల తియ్యని కూత అని, చూశావా శెట్టీ, నీ కలవరములోనే ఇది దాక్కుని ఉందని చెప్పాడు. శెట్టి కళ్ళు తుడుచుకున్నాడు. ఇంత తిరకాసు రాత రాసే మనిషి ఇంకొకరిని చూసి రాసి ఉండదని ఒకాయన అంటే అందరూ అవునన్నారు. సీసం చూసే కళ్ళు ఇంకేం చూసి ఉంటాయని ఒక్కరికీ తోచలేదు. నా దొంగతనం ఆ అద్దంలో అందరి ఎదుటా నిలబడింది. వాళ్ళు దానికి చప్పట్లు కొట్టారు.

నేనూ నవ్వాను. దొంగనవ్వు కాదు, నిజం నవ్వే. ఆ క్షణంలో నేను గెలిచానని నేనే నమ్మాను.

రెండో బహుమతిగా రూతమ్మకు ఒక రవిక గుడ్డ ఇచ్చారు, నీలం రంగుది. అది పట్టుకుని నేరుగా నా దగ్గరికే వచ్చింది.

"నీకెట్ల తట్టిందక్కా ఆ మాట? పది దినాలు తిప్పి తిప్పి కొట్టినా. నాకు యాడా దొరకల్య."

"పొద్దున్నే వాకిలి చిమ్ముతాంటి. పిట్టలు కూస్తాండాయి. ఊరికే నోటికొచ్చె."

అర్థం తెలిసి పది నిమిషాలు కాలేదు. అంత చక్కటి అబద్ధం నాకెట్లా వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

"ఎంత బాగుందక్కా" అని నా చెయ్యి పట్టుకుంది. "నాకు సూదీ దారం తప్ప పిట్టలు యాడ వినపడతాయ్? ఇదో, ఈ గుడ్డ నీకాడ పెట్టుకో. నీ మిషను మింద మొదటి రవిక నాదే కావల్ల."

కుట్టాను. కుట్టడం రాదు, కుట్టాను. రెండు చేతులూ లోపలి పక్క బయటికి పెట్టి అతికించాను. మా ఆయన చూసి, రవిక కూడా సీసం లెక్కనే కుట్టినావే అన్నాడు. రూతమ్మ నేల మీద కూలబడి నవ్వింది. విప్పి కుడతానంటే ఒప్పుకోలేదు. అట్లాగే తొడుక్కుని ఆదివారం ఏసు గుడికి పోయింది. ఎవరడిగినా, గెలిచిన అక్క కుట్టిందని చెప్పింది.

మా ఆయన సంగతి. ఆ రాత్రి చెప్పకుండానే రోలు ముందేసుకున్నాడు. గెలిచినావు కదా అన్నాడు, అంతే. కొన్నాళ్ళకు ఒక బడి పరీక్ష కాగితాలు అచ్చుకు వచ్చాయి. పేర్చి రాతిబల్ల మీద పెట్టాడు. గుడ్డ కప్పలేదు. నా ముందే అట్లా వదిలేసి బయటికి పోయాడు. నేను గోడ వైపు తిరిగి కూర్చుని అక్షరాలు వేశాను, మెడ పట్టేసేదాకా. గుడ్డ ఎందుకు కప్పలేదు? నమ్మకమా? పరీక్షా? ఎత్తావని నాకు తెలుసు, అయినా నువ్వు నా మనిషివే అని చెప్పడమా? నేను అడగలేదు. ఆయన చెప్పలేదు. మా ఆట మాత్రం మళ్ళీ మొదలైంది, ఆయన జ్వరంతో మంచం పట్టాక కూడా సాగింది. చివరి రోజుల్లో చేతికి ముక్కలిస్తే కళ్ళు మూసుకునే వేళ్ళతో తడిమి మాటలు చేసేవాడు. నేనే కావాలని ఓడిపోయేదాన్ని.

ఆయన పోయాక మిషనే నాకు కూడు పెట్టింది. రూతమ్మ చాలా ఏళ్ళు చేతిసూదితోనే కుట్టి, తర్వాతెప్పుడో ఒక పాత మిషను కొనుక్కుంది. ఆమె ఇంట్లో గుడ్డ ఏది వచ్చినా నేనే కుట్టి పంపేదాన్ని, ఊరికే. దాన్ని ఆమె నా మంచితనం అనుకుంది. పండగ ప్రార్థనలో నా పేరు కూడా చెప్పేదట. ఆ మాట విన్న రోజు మిషను ముందు కూర్చుని ఒక్క కుట్టు వేయలేకపోయాను.

అంతకంటే పెద్దది ఇంకొకటి. ఆదివారం బడిలో పిల్లలకు ఆమె నా పిట్టల కథ చెప్పేది. పొద్దున్నే వాళ్ళను బయటికి తీసుకుపోయి, కళ్ళు మూసుకుని పిట్టల కూత వినమనేదట. విన్నది ఒక్కో మాటలో చెప్పమనేదట. ఎన్నేళ్ళు, ఎంతమంది పిల్లలు. వాళ్ళు విన్న పిట్టలు నిజమైనవే. నా నోటి నుంచి వచ్చింది ఒక్కటే అబద్ధం. అది తప్పు కాకుండా పోతుందా మరి? పోదు. ఇంత మంచి జరిగింది కదా అని నేను చాలాసార్లు నాకు చెప్పుకున్నాను. మంచి చేసింది రూతమ్మ. నేను చేసింది గుడ్డ ఎత్తడం.

సమానంగా వచ్చి ఉంటే చీటీ వేసేవాళ్ళు. మిషను ఆమెకు రావచ్చు, నాకూ రావచ్చు. ఆ చీటీని నేను వేయనివ్వలేదు. ఇన్నేళ్ళు నేను మోసింది అదే.

ఆమె ఆళ్ళగడ్డలోనే ఉంది. చూపు తగ్గింది, నవ్వు తగ్గలేదని విన్నాను. ఈ కాగితాలు ఎవరైనా ఆమెకు చదివి వినిపిస్తారో లేదో. వింటే ఏమంటుందో. తిట్టినా, నవ్వినా ఆమె ఇష్టం. క్షమించమని నేను అడగడం లేదు. అడిగితే వెంటనే క్షమిస్తుంది, ఆ మనిషి సంగతి నాకు తెలుసు. అందుకే అడగను.

ఆ రోజు అయ్యవారు నా కాగితాన్ని గురుతుగా ఉంచుకోమని తిరిగి ఇచ్చేశాడు. అది మిషను సొరుగులో దారపు ఉండల కింద పడి ఉంది. ఇప్పుడే తీశాను. పసుపు పచ్చగా అయింది, మడతల దగ్గర చిరిగింది. అక్షరాలన్నీ తిరగబడి నన్నే చూస్తున్నాయి. టీచరమ్మ చేతిలో పెన్ను అడిగి తీసుకున్నాను. గీత నిండుగానే వచ్చింది. చివరి మాట కొట్టేశాను.

రూతమ్మవి పద్నాలుగు. నావీ పద్నాలుగే.